నల్లగుట్టను ప్రజలకు అంకితం చేసిన విధం

హాథర్‌బీ గని కార్మికుల క్లబ్బులో ఆ సాయంత్రం కౌన్సిలర్ బెర్నార్డ్ స్టాప్‌ఫోర్త్ గారు లేచి నిలబడి, కోటు గుండీ పెట్టుకుని, గొంతు సవరించుకుని, "మిత్రులారా! నేటి నుంచి నల్లగుట్ట ప్రజలది!" అని ప్రకటించారు.

ప్రజలు చప్పట్లు కొట్టారు. ఆ గుట్ట తమది కాదన్న సంగతి అప్పటిదాకా వాళ్ళకు తెలియదు.

నల్లగుట్ట దేవుడు చేసింది కాదు, బొగ్గుబాయి చేసింది. బొగ్గుతోపాటు పైకొచ్చిన రాయీ రప్పా తాతల కాలం నుంచీ ఒకేచోట పోస్తూ వస్తే గుట్టయి కూర్చుంది. బాయి మూతపడ్డాక దాని మొహం చూసిన అధికారి లేడు. ఎవరూ పట్టించుకోకపోయేసరికి అది శుభ్రంగా బాగుపడింది. ముందు గడ్డి మొలిచింది. గడ్డి వెనకే బర్చ్ చెట్లు లేచాయి. చెట్ల కిందికి కుందేళ్ళు, పైకి పిట్టలు చేరాయి. ఊళ్ళోవాళ్ళు పొద్దున్నే కుక్కల్ని తిప్పడానికి అక్కడికే వెళ్ళేవారు. ఎండాకాలం చివర్లో బ్లాక్‌బెర్రీలు కోసుకొచ్చి జామ్ పెట్టుకునేవారు. వయసులో ఉన్నవాళ్ళు సాయంత్రాలు చెట్ల చాటున కూర్చుని కబుర్లు చెప్పుకునేవారు. ఇదంతా ఒక పథకం లేకుండా, ఒక కమిటీ లేకుండా, పైవారి అనుమతి లేకుండా ఏళ్ళ తరబడి సాగిపోయింది.

ఇలాంటి అరాచకం చూస్తూ ఊరుకునే మనిషి కాదు స్టాప్‌ఫోర్త్ గారు. ఆయన జిల్లా కౌన్సిల్లో పునరుజ్జీవన కమిటీకి అధ్యక్షులు. ప్రకృతి అంటే ప్రాణం పెడతారు. గొర్రెపిల్లను పుదీనా సాస్‌తోనూ, సాల్మన్ చేపను నిమ్మచెక్కతోనూ ఎన్నోసార్లు దగ్గరనుంచి పరిశీలించినవారు.

"ఈ గుట్టను మనం కంట్రీ పార్కు చేస్తున్నాం. మీరంతా వచ్చి హాయిగా నడవచ్చు. స్వచ్ఛమైన గాలి పీల్చుకోవచ్చు," అన్నారాయన.

వెనక వరసలో క్లెమ్ బర్టిల్స్ చెయ్యెత్తాడు. పెళ్ళాం పోయినప్పటినుంచీ, దూరదేశంలో వదిలితే గూటికి ఎగిరొచ్చే పందెం పావురాలే లోకంగా బతుకుతున్న మనిషి. ఆ పావురాల గూడూ, పక్కనే కూరగాయల మడీ గుట్ట మొదట్లోనే ఉన్నాయి.

"అయ్యా, మేం రోజూ అక్కడే నడుస్తున్నాం. ఆ గాలే పీలుస్తున్నాం. మరి కొత్తగా మీరిచ్చేదేంటి?"

స్టాప్‌ఫోర్త్ గారు జాలిగా నవ్వారు. "మీరు చేసేది తిరగడం. మేమిచ్చేది వినోదం. రెండిటికీ చాలా తేడా ఉంది. వినోదానికి నిధులొస్తాయి."

"మరి నా పావురాలో?"

"పావురాలకు ఈ పథకంలో సముచిత స్థానం ఉంటుంది," అన్నారాయన. సముచిత స్థానమంటే ఏమిటో అడగడానికి క్లెమ్ మళ్ళీ చెయ్యెత్తేలోపే టీ ఇచ్చేశారు.

క్లెమ్ పక్కనే అతని బావ హెడ్లీ క్రాబ్‌ట్రీ కూర్చుని ఉన్నాడు. బాయిలో పని పోయాక హెడ్లీ సూపర్‌మార్కెట్ బయట తోపుడు బుట్టలు ఏరుకొచ్చే పనిలో కుదిరాడు. స్టాప్‌ఫోర్త్ గారు పోతూ పోతూ హెడ్లీ భుజం మీద చెయ్యేసి, "గుట్ట గురించి తెలిసిన మనిషి కావాలయ్యా మాకు. రేంజర్‌గా చేరిపో," అన్నారు. హెడ్లీకి నోట మాట రాలేదు. ఆ మౌనాన్నే అంగీకారంగా తీసుకున్నారు.

తర్వాతి వారం గుట్ట చుట్టూ ఇనప కంచె లేచింది. ప్రజలకు అప్పగించాలంటే ముందు ప్రజల దగ్గర్నుంచి తీసుకోవాలి కదా.

హెడ్లీకి గుడ్లగూబ బొమ్మ కుట్టిన పచ్చ స్వెటరూ, ఒక విజిలూ ఇచ్చారు. అతని భార్య ఆడ్రీ ఆ స్వెటర్ తొడిగించి, కుంపటి ముందు నిలబెట్టి ఫోటో తీసింది. "ఇన్నాళ్ళకు గౌరవమైన ఉద్యోగం దొరికింది," అని కళ్ళు తుడుచుకుంది. ఉద్యోగం ఏమంత కష్టమైంది కాదు. గేటు పక్కన చెక్క గదిలో కూర్చుని, పార్కును ప్రజలకు తెరిచేదాకా ప్రజల్ని లోపలికి రానివ్వకుండా చూడాలి.

మొదటిరోజు మొదట వచ్చింది క్లెమ్. చేతిలో పావురాల గింజల సంచి.

"బావా, గేటు తియ్."

"తియ్యకూడదురా. ప్రజలకు ప్రవేశం లేదు."

"నేను ప్రజలేంటి? నీ బావమరిదిని."

"బావమరిదివి ఇంటి దగ్గర. ఇక్కడ నువ్వు ప్రజవి."

"స్వెటర్ తొడిగేసరికి కళ్ళు నెత్తికెక్కాయే నీకు! అవతల నా పావురాలు ఆకలితో మాడుతున్నాయి."

హెడ్లీ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "వెనకవైపు కాలవ దగ్గర కంచె రేకొకటి వదులుగా ఉంది. దాని సంగతి పైవాళ్ళకు చెప్పాలని పొద్దుట్నుంచీ అనుకుంటున్నాను, ఎందుకో మర్చిపోతున్నాను."

"నా గూటికి నేను దొంగలా దూరాలా?" అన్నాడు క్లెమ్. దూరడానికి మాత్రం దూరాడు. కానీ ఆ రోజునుంచి బావతో మాటలు మానేశాడు. ఆదివారం అక్క ఇంట్లో భోజనానికి కూర్చున్నప్పుడు కూడా, "అక్కా, ఆ గ్రేవీ గిన్నె ఇటు జరపమని ఆఫీసరుగారితో మనవి చెయ్," అనేవాడు. హెడ్లీ గిన్నె జరిపేవాడు. ముద్ద దిగేది కాదు.

ఒక్క బావమరిదే కాదు, ఊరంతా అలాగే అయింది. బాయిలో పక్కపక్కన బొగ్గు కొట్టినవాళ్ళు కూడా క్లబ్బులో హెడ్లీ కనబడితే గ్లాసు పట్టుకుని వేరే బల్ల దగ్గరికి జరిగిపోయేవారు.

ఇలా ఉండగా లండన్ నుంచి ల్యాండ్‌స్కేప్ నిపుణురాలు ఇమోజెన్ ఫేన్ గారు దిగారు. ఆవిడ రబ్బరు బూట్లకు అంటించిన ధర చీటీ ఇంకా ఊడలేదు. హెడ్లీ ఆవిణ్ణి గుట్టంతా తిప్పి చూపించాడు. బర్చ్ చెట్ల దగ్గర ఆవిడ ఆగిపోయింది.

"ఇవి ఎవరు నాటారు?"

"ఎవరూ నాటలేదమ్మా. వాటంతటవే వచ్చాయి."

"అయ్యో! అయితే వీటిని కొట్టెయ్యాలి."

"ఎందుకమ్మా?"

"ప్లాన్ ప్రకారం ఇక్కడ అడవి రావాలి."

హెడ్లీ చెట్ల వంక చూశాడు, ఆవిడ చేతిలో మ్యాప్ వంక చూశాడు. మ్యాప్‌లో అడవి చాలా పచ్చగా ఉంది. చెట్లు కొట్టేశారు. వాటి స్థానంలో మోకాలెత్తు ప్లాస్టిక్ గొట్టాలు పాతి, ఒక్కో గొట్టంలో పుల్లలాంటి మొక్కొకటి గుచ్చారు. అవి పెరిగేదాకా జనం నిరాశ పడకుండా పక్కన పెద్ద బోర్డు పెట్టి, దాని మీద బర్చ్ చెట్టు బొమ్మ వేయించారు. యంత్రాల మోతకు పిట్టలు ఎగిరిపోతే, పిట్ట బొమ్మతో ఇంకో బోర్డు వెలిసింది. కుందేలుకు ఒక బోర్డు. కప్పకు ఒక బోర్డు. నక్కకు వేయించిన బోర్డులో స్పెల్లింగు తప్పు పడితే దాన్ని తిరగేసి స్టోరులో పడేశారు. చూస్తూ ఉండగానే గుట్టమీద ప్రాణులన్నీ బోర్డులెక్కేశాయి.

గని జ్ఞాపకంగా గేటు దగ్గర ఒక చక్రం నిలబెట్టాలన్న ఆలోచన కూడా స్టాప్‌ఫోర్త్ గారిదే. బాయిలోకి మనుషుల్ని దింపిన అసలు చక్రాన్ని, బాయి మూసిన రోజుల్లో ఆయన కమిటీయే పాత ఇనుముకు అమ్మేసింది. అందుకని కొత్తగా ఫైబర్ చక్రం చేయించి తెచ్చారు. అది మరీ కొత్తగా మెరుస్తోందని పట్నం నుంచి పెయింటరును రప్పించి తుప్పు వేయించారు. తుప్పు చాలా సహజంగా వచ్చిందని ఇమోజెన్ గారు మెచ్చుకున్నారు.

ఒకరోజు స్టాప్‌ఫోర్త్ గారు కారు గేటు దగ్గర ఆపి, హారన్ కొట్టి హెడ్లీని పిలిచారు.

"హెడ్లీ, శుభవార్త! ప్రారంభోత్సవానికి మంత్రిగారు వస్తున్నారు. ప్రజలు పార్కులో ఆనందిస్తుండగా చూస్తారట. అర్జెంటుగా ప్రజలు కావాలి."

"ప్రజల్ని బయట ఉంచమన్నారు కదండీ?"

"అవును, చాలా సమర్థంగా ఉంచావు. ఇప్పుడు అందులోంచి ఒక ఇరవై మందిని తీసుకురా." స్టాప్‌ఫోర్త్ గారు కారు అద్దం ఎత్తబోయి ఆగారు. "అన్నట్టు, ఆ మూల రేకులూ పాత తలుపులతో ఏదో కట్టుందే, ఏంటది?"

"పావురాల గూడండీ. మా బావమరిదిది."

"ఫోటోలో పడుతుంది. మంత్రిగారు వచ్చేలోపు పడగొట్టించు. ఎవరో ఎందుకు, నువ్వే కానిచ్చెయ్. మనవాళ్ళ చేతిమీదుగా జరిగితే గొడవుండదు."

మర్నాడు హెడ్లీ సుత్తి పట్టుకుని గూటి దగ్గరికి వెళ్ళాడు. లోపల క్లెమ్ ఒక గింజల డబ్బా మీద కూర్చుని, ఒళ్ళో పావురాన్ని పెట్టుకుని ఏదో చెబుతున్నాడు. మనుషులతో మాటలు తగ్గినకొద్దీ పావురాలతో ఎక్కువయ్యాయి. బావ చేతిలో సుత్తి చూసి మాట ఆపేశాడు.

"కొట్టు," అన్నాడు చాలా రోజుల తర్వాత నేరుగా హెడ్లీ మొహంలోకి చూసి. "ఈ తలుపులు మా నాన్న బాయినుంచి మోసుకొచ్చాడు. ఆ వైపు గోడ లేపింది నేనూ మా ఆవిడా. ఆ రోజు నువ్వూ ఓ చెయ్యి వేశావు. కొట్టు, చూస్తాను."

హెడ్లీ సుత్తి కింద పెట్టి, ఇంకో డబ్బా లాక్కుని కూర్చున్నాడు. "పావురాల్ని మా పెరట్లోకి మార్చెయ్‌రా."

"ఇవి వేరేచోట దిగవు బావా. ఎక్కడ వదిలినా ఇక్కడికే వస్తాయి. గూడు లేకపోతే ఆకాశంలో తిరుగుతూ ఉంటాయి. తిరిగి తిరిగి..." క్లెమ్ పావురం తల నిమిరాడు.

హెడ్లీ గోడలన్నీ ఒకసారి కలియజూశాడు. తర్వాత లేచి స్టోరుకు వెళ్ళి, కంచెకు వేయగా మిగిలిన పచ్చరంగు డబ్బా, ఆ తిరగేసి పడేసిన నక్క బోర్డూ పట్టుకొచ్చాడు. సాయంత్రానికల్లా గూడు పచ్చబడింది. బోర్డు వెనకవైపు తెల్ల అక్షరాలతో 'పక్షుల పరిశీలన కేంద్రం' అని రాసి తలుపు పైన కొట్టాడు.

"ఇది పావురాల గూడు బావా," అన్నాడు క్లెమ్.

"నువ్వు నోరు మూసుకుంటే కాదు," అన్నాడు హెడ్లీ.

మంత్రిగారు వచ్చే ముందు రోజు ఇమోజెన్ గారు ఇరవై మంది ప్రజలకు రిహార్సల్ పెట్టారు. క్లెమ్‌తో సహా అందరూ పాత బాయి కార్మికులూ వాళ్ళ ఆడవాళ్ళూ. బాటలకింకా భద్రతా సర్టిఫికెట్ రాలేదు కాబట్టి అందరికీ హెల్మెట్లు ఇచ్చారు. గని మూతపడ్డాక వాళ్ళు మళ్ళీ హెల్మెట్ పెట్టుకోవడం అదే మొదలు.

"గబగబా నడవకండి. డ్యూటీకి వెళ్తున్నట్టుంది," అన్నారు ఇమోజెన్ గారు. "మధ్యమధ్య ఆగి దృశ్యాన్ని చూడాలి."

"ఏ దృశ్యం?" అంది ఆడ్రీ.

"అదుగో, ఎదురుగా."

"అది మా ఇల్లమ్మా."

"ఇల్లయినా సరే. మొదటిసారి చూస్తున్నట్టు చూడండి."

ఆడ్రీ చూసింది. "మా ఆయన ఇంకా ఆ చూరు గొట్టం బాగుచేయించలేదు," అంది.

మర్నాడు మంత్రిగారు వచ్చారు. ప్రజలు ఆనందించారు. ఒకాయన ఆనందిస్తూ ప్లాస్టిక్ గొట్టం తట్టుకుని పడ్డాడు గానీ, హెల్మెట్ ఉండబట్టి ఏం కాలేదు. మంత్రిగారు బోర్డులన్నీ శ్రద్ధగా చదివారు. "ఎంత సుసంపన్నమైన జీవజాలం!" అన్నారు. పచ్చరంగు కట్టడం కనబడగానే కళ్ళు మెరిశాయి. "ఇది కూడా మీ ఆలోచనేనా?"

ఇంకా అక్కడే నిలబడి ఉన్న గూటిని చూసి స్టాప్‌ఫోర్త్ గారి మొహం పాలిపోయింది. బోర్డు చదివాక మళ్ళీ రంగొచ్చింది. "మొదటినుంచీ నా కల అది," అన్నారు.

మంత్రిగారు లోపలికి వంగి చూశారు. వరసగా కూర్చున్న పావురాలు ఆయన్ని చూశాయి.

"వీటి కాళ్ళకు ఉంగరాలున్నాయే?"

స్టాప్‌ఫోర్త్ గారు హెడ్లీ వంక చూశారు. "పర్యవేక్షణకండీ. ప్రతిదానికీ నంబరుంటుంది," అన్నాడు హెడ్లీ.

"అద్భుతం. ఎక్కడినుంచి వస్తాయివి?"

ఇక్కడ క్లెమ్ ఉండబట్టలేకపోయాడు. పావురాల గురించి అడిగితే చెప్పకుండా ఉండటం అతనివల్ల కాదు. "ఫ్రాన్సు నుంచి సార్. పోయిన శనివారం పొద్దున అక్కడ లేచి, సాయంత్రం టీ వేళకు ఇక్కడ వాలాయి. ఆ బూడిదరంగుదైతే అందరికంటే ముందొచ్చింది."

"సముద్రం దాటుకుని! ఇన్ని చోట్లుండగా ఇక్కడికే ఎందుకొస్తాయంటారు?"

"ఇక్కడైతే తిండి దొరుకుద్ది సార్."

"సహజ ఆవాసం," అన్నారు ఇమోజెన్ గారు మెల్లిగా.

మంత్రిగారి గుండె కరిగిపోయింది. నేరుగా మైకు దగ్గరికి వెళ్ళి, చేతిలోని ప్రసంగాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు. "ఒకప్పుడు భూమి గుండెను తవ్విన చోట నేడు పరదేశపు పక్షులు వాలుతున్నాయి. వాటి ఏకాంతానికి భంగం కలగరాదు. నల్లగుట్టను ప్రత్యేక రక్షిత ప్రాంతంగా ప్రకటిస్తున్నాను. ఈ క్షణం నుంచి ఇక్కడ ప్రజల అడుగు పడకూడదు!"

ప్రజలు చప్పట్లు కొట్టారు. మంత్రిగారు రిబ్బన్ కత్తిరించారు. హెల్మెట్లు వెనక్కి తీసుకుని అందరినీ బయటికి పంపి, రిబ్బన్ కత్తిరించిన చోటే తాళం వేశారు.

పార్కును తెరిచిన రోజే మూసేశారేమని ఒక విలేకరి అడిగాడు. "ఒక పథకం ఇంత త్వరగా పూర్తికావడం మా కౌన్సిల్ చరిత్రలో ఇదే ప్రథమం," అన్నారు స్టాప్‌ఫోర్త్ గారు.

బయటికొచ్చాక క్లెమ్ బావ చొక్కా పట్టుకున్నంత పనిచేశాడు. "గూడు నిలబెట్టావు సరే. ఇప్పుడు దాని దగ్గరికి పోయేదెలా? కాలవ దగ్గర రేకు కూడా నిన్నే బిగించేశారు!"

గింజలు ప్రస్తుతానికి తను వేస్తానన్నాడు హెడ్లీ. అసలు జవాబు మూడో రోజున ఇమోజెన్ గారి నోట వచ్చింది. రక్షిత ప్రాంతమంటే కాపలాకు వార్డెన్లుండాలట. జీతాలివ్వడానికి కౌన్సిల్ దగ్గర పైసా లేదట.

"ఊరికే చేసేవాళ్ళు దొరుకుతారా మిస్టర్ క్రాబ్‌ట్రీ?"

"వార్డెనంటే ఎవరైనా కావచ్చామ్మా?"

"స్థానికులైతే మంచిది. పచ్చ స్వెటర్ మాత్రం తప్పనిసరి."

"వార్డెన్లు లోపలికి రావచ్చా?"

"వాళ్ళు లోపలికి రాకపోతే ప్రజల్ని ఎలా ఆపుతారు?" అన్నారావిడ విసుగ్గా.

హెడ్లీ ఆ సాయంత్రం క్లబ్బుకు వెళ్ళి, బల్లమీద గ్లాసుతో టకటకా కొట్టాడు. వేరే బల్లలకు జరిగిపోయినవాళ్ళంతా తలలెత్తారు. అతను చెప్పింది విని, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ రాత్రే ఆడ్రీ పచ్చ ఉన్ను తెప్పించే ఏర్పాటు చేసింది.

క్లెమ్ పక్షుల పోషణ విభాగానికి మొదటి వార్డెన్ అయ్యాడు. కుక్కలున్నవాళ్ళంతా శునక గస్తీలో చేరారు. జామ్ పెట్టే ఆడవాళ్ళు పండ్ల సర్వే బృందమయ్యారు. కూరగాయల మడి మట్టి పరీక్షా క్షేత్రమయింది. వయసులో ఉన్నవాళ్ళు ఇద్దరిద్దరుగా సాయంకాలపు నిఘాకు పేర్లిచ్చారు. ఆ విభాగంలో ఒక్కరు కూడా డ్యూటీ ఎగ్గొట్టలేదు. వసంతం వచ్చేసరికి హాథర్‌బీలో వార్డెన్ కాని మనిషి లేడు. ఆదివారం భోజనంలో క్లెమ్ మునపటిలా, "బావా, గ్రేవీ నువ్వొక్కడివే తాగేస్తావా ఏంటి?" అన్నాడు. ఆ రోజు హెడ్లీ రెండోసారి వడ్డించుకున్నాడు.

స్వచ్ఛంద సేవలో జిల్లాకే ఆదర్శమైన ఈ విజయం పైదాకా వెళ్ళింది. నల్లగుట్టను ప్రజలకు అంకితం చేసినందుకు స్టాప్‌ఫోర్త్ గారికి రాజభవనంలో పతకం తగిలించారు. ఆయన దాంతో తృప్తిపడి, పదవి విడిచిపెట్టి విశ్రాంతి తీసుకున్నారు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన కారు గేటు దగ్గర ఆగింది. పక్క సీట్లో ఆయన భార్య హిల్డా గారు.

"బాగున్నావా హెడ్లీ? ఈ పతకం దేనికిచ్చారో ఒకసారి చూపించమని మా ఆవిడ ఒకటే పోరు," అన్నారు స్టాప్‌ఫోర్త్ గారు కిందికి దిగుతూ.

"చాలా సంతోషమండీ. తమరు ఏ విభాగం?"

"విభాగమేంటయ్యా? ఊరికే చూసి పోదామని."

హెడ్లీకి నిజంగానే బాధ కలిగింది. "ఊరికే చూడ్డానికి వీల్లేదండీ. ప్రజలకు ప్రవేశం లేదు."

స్టాప్‌ఫోర్త్ గారు తనను తాను ఒకసారి కిందినుంచి పైదాకా చూసుకున్నారు. కంచె అవతల ఊరంతా పచ్చ స్వెటర్లలో తిరుగుతోంది. ఒకామె దుప్పటి పరిచి టీ ఫ్లాస్కు తీస్తోంది. ఎవరో కుక్కకు బంతి విసురుతున్నారు.

హిల్డా గారు కారులోంచి తల బయటపెట్టారు. "మరి వాళ్ళంతా ఎవరు?"

"సిబ్బందమ్మా."

"అంతమందా? ఎవర్ని ఆపడానికి?"

హెడ్లీ కాస్త ఆలోచించాడు. "ఇవాళ్టిదాకా ఎవరూ రాలేదమ్మా. మీరే మొదలు."

స్టాప్‌ఫోర్త్ గారు కంచె పట్టుకుని లోపలికి తొంగిచూశారు. మెల్లగా ఆయన మొహం విప్పారింది. "చూశావా హిల్డా? ఒక్క అతిక్రమణ లేదు. నేననుకున్న దానికంటే బ్రహ్మాండంగా నడుస్తోంది," అన్నారు. హెడ్లీ చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపి, వెళ్ళి కారులో కూర్చున్నారు.

దంపతులిద్దరూ తెచ్చుకున్న శాండ్‌విచ్‌లు అక్కడే, కారులోనే తిన్నారు. మధ్యలో హిల్డా గారు గాలి కోసం అద్దం దించబోతే ఆయన వద్దని వారించారు. పక్షులు బెదురుతాయట.